రష్యా లేని బాల్టిక్ క్రూజ్: ఆ రెండు రోజులు ఏమయ్యాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సముద్రం చుట్టూ తిరిగాయి. పిల్లలు క్రూజ్ ప్లాన్ చేయడం, పెద్దవాళ్లు టీవీలో వార్తలు చూసి వద్దనడం, తగువు తీర్చమని మాకు రాయడం. అందుకే ఈ నెల పేజీ మొత్తం ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ సముద్రానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మేమిద్దరం రిటైర్డ్ టీచర్లం. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జూన్‌లో కోపెన్‌హేగెన్‌లో ఓడెక్కి, పది రోజులు తిరిగి, మళ్లీ అక్కడే దిగే బాల్టిక్ క్రూజ్ బుక్ చేస్తానంటున్నాడు. మా వియ్యంకుడుగారు 2018లో ఇలాంటిదే వెళ్లొచ్చారు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ లేకపోతే ఆ క్రూజ్ దండగ అని ఆయన మాట. మా ఆవిడేమో రష్యా పక్కనుంచి పోయే ఓడ నేను ఎక్కనంటే ఎక్కనంటోంది. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మాస్టారూ, ముందు ఒక విషయం తేల్చేద్దాం. రష్యాని ఎలా తప్పించాలా అని మీరు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, ఆ పని క్రూజ్ కంపెనీలు ఎప్పుడో చేసేశాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలుపెట్టగానే పెద్ద కంపెనీలన్నీ ఒకదాని వెనక ఒకటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌ని జాబితాలోంచి కొట్టేశాయి. మీవాడు చూస్తున్నది ఏ పెద్ద కంపెనీ క్రూజ్ అయినా అందులో రష్యా పోర్టు ఉండదు.

మీ వియ్యంకుడుగారు వెళ్లిన రోజుల సంగతి వేరు. అప్పట్లో బాల్టిక్ క్రూజ్ అంటేనే సెయింట్ పీటర్స్‌బర్గ్, మిగతావన్నీ దారిలో తగిలే ఊళ్లు అన్నట్టుండేది. ఓడ అక్కడ రెండు రోజులు, కొన్నిసార్లు మూడు రోజులు ఆగేది, గుర్తింపు ఉన్న టూర్ వాళ్లతో దిగితే 72 గంటల దాకా వీసా లేకుండానే తిరగనిచ్చేవారు. హెర్మిటాజ్ మ్యూజియం, పీటర్‌హాఫ్ ప్యాలెస్ ఫౌంటెన్లు చూసొచ్చిన మనిషికి ఇప్పటి రూట్ వెలితిగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆయన్ని తప్పుపట్టకండి, పెళ్లి సంబంధాలు ముఖ్యం.

అసలు చూసుకోవాల్సింది ఏమిటంటే, ఖాళీ అయిన ఆ రెండు మూడు రోజుల్లో కంపెనీ ఏం పెట్టిందన్నది. తేడా అంతా ఇక్కడే ఉంది. కొన్ని కంపెనీలు స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోనో ఎస్టోనియా రాజధాని టాలిన్‌లోనో రాత్రి కూడా ఆగుతున్నాయి, ఇది మంచి బేరం. కొన్ని లాట్వియాలో రీగా, లిథువేనియాలో క్లైపెడా, పోలాండ్‌లో గ్డాన్‌స్క్, స్వీడన్ దీవి గోట్లాండ్‌లోని విస్బీ లాంటివి కలిపాయి, ఇవీ బాగుంటాయి. ఇంకొన్ని మాత్రం ఊరికే 'సముద్రంలో ఒక రోజు' అని రాసి, ఓడలోనే బఫే తినిపించి, షాపుల్లో మన చేత కొనిపించే పని పెట్టుకున్నాయి. ధర ఒకటే అయినా ఈ మూడూ ఒకటి కాదు. అబ్బాయిని ప్రతి పోర్టులో ఓడ ఎన్నింటికి ఆగుతుంది, ఎన్నింటికి బయల్దేరుతుంది అన్న టైం టేబుల్ పంపమనండి. బ్రోషర్‌లో ఫొటోలు కాదు, టైం టేబుల్.

ఆ టైం టేబుల్‌లో ఊళ్ల పేర్లు కూడా జాగ్రత్తగా చదవాలి. 'బెర్లిన్' అని ఉంటే ఓడ బెర్లిన్ దాకా పోదు, వార్నెముండే అనే ఊళ్లో ఆగుతుంది. అక్కడినుంచి బెర్లిన్‌కి బస్సులో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మీవాడు మ్యూనిక్‌లోనే ఉన్నాడు కాబట్టి బెర్లిన్ ఇంకోసారి రైల్లో వెళ్లొచ్చు, ఆ రోజు పక్కనే ఉన్న రోస్టాక్ చూసి హాయిగా ఓడకి వచ్చేయండి. 'గ్డాన్‌స్క్' అన్నచోట ఓడ సాధారణంగా గ్డీనియాలో ఆగుతుంది, అక్కడినుంచి లోకల్ ట్రైన్ ఉంది, ఇబ్బందేం లేదు. 'స్టాక్‌హోమ్' అని రాసి పక్కన చిన్న అక్షరాల్లో నీనేస్‌హామ్న్ అని ఉంటే మాత్రం ఒకసారి ఆలోచించండి. నగరానికి దాదాపు గంట ప్రయాణం ఒక లెక్క అయితే, అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. స్టాక్‌హోమ్ నగరం దాకా వెళ్లే ఓడ వేల కొద్దీ చిన్న చిన్న దీవుల మధ్య నుంచి గంటల తరబడి మెల్లగా పోతుంది. రాళ్ల మీద ఎర్రటి చెక్క ఇళ్లు, ఇంటి ముందు కట్టేసిన పడవ, డెక్ మీద కాఫీ తాగుతున్న మనకి చెయ్యూపే పిల్లలు. మొత్తం క్రూజ్‌లో నాకు నచ్చిన భాగం చెప్పమంటే ఏ మ్యూజియమూ కాదు, అదే. తెల్లవారుజామున నాలుగింటికే వెలుగొచ్చేస్తుంది జూన్‌లో, అలారం పెట్టుకుని లేవండి.

ఇక మీ ఆవిడగారి భయం. మ్యాప్ తీసి చూపించండి. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీకి, టాలిన్‌కి మధ్య ఉన్నది 80 కిలోమీటర్ల నీళ్లు, రోజంతా ఫెర్రీలు రెండు గంటల్లో అటూ ఇటూ తిరుగుతుంటాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్ ఇంకా తూర్పున, ఆ నీళ్ల చివర ఎక్కడో ఉంది. గ్డాన్‌స్క్ నుంచి క్లైపెడా వెళ్తే మాత్రం మధ్యలో కలినిన్‌గ్రాడ్ అనే రష్యా ముక్క తగులుతుంది, ఓడ దాన్ని దాటుకుని పోతుందే గానీ అక్కడ ఆగదు. ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో నాటోలో చేరాక ఈ సముద్రం చుట్టూ రష్యా తప్ప మిగతా దేశాలన్నీ ఒకే సైనిక కూటమి. అలాగని అంతా ప్రశాంతం అని నేను అనను. సముద్రం అడుగున కేబుళ్లు తెగుతున్నాయి, జీపీఎస్ సిగ్నళ్లు దెబ్బతింటున్నాయి, 2025 సెప్టెంబరులో డ్రోన్లు కనిపించి కోపెన్‌హేగెన్ ఎయిర్‌పోర్టు కొన్ని గంటలు మూసేశారు. వీటివల్ల యాత్రికులకి జరిగేది ఎక్కువగా ఆలస్యమే. అందుకే విమానం దిగిన రోజే ఓడెక్కేలా టికెట్లు తీసుకోవద్దు, ఒక రోజు ముందే కోపెన్‌హేగెన్ చేరుకోండి.

వియ్యంకుడుగారికి చెప్పడానికి ఒక మాట కూడా ఇస్తాను. రష్యా వెళ్లకపోయినా జార్ల, అంటే అప్పటి రష్యా చక్రవర్తుల గుర్తులు దారి పొడవునా కనిపిస్తూనే ఉంటాయి. టాలిన్‌లో కాద్రియోర్గ్ అనే ప్యాలెస్ ఉంది, పీటర్ ది గ్రేట్ తన భార్య కేథరిన్ కోసం 1718లో మొదలుపెట్టించాడు. గోడ మూల మూడు ఇటుకలకి సున్నం వేయకుండా అలాగే వదిలేశారు, అవి పీటర్ స్వయంగా పేర్చినవని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. హెల్సింకీలో సెనేట్ స్క్వేర్ మధ్యలో రెండో అలెగ్జాండర్ జార్ విగ్రహం ఇప్పటికీ నిలబడే ఉంది, ఎవరూ పీకేయలేదు. 1809 నుంచి 1917 దాకా ఫిన్లాండ్ రష్యా కిందే ఉండేది మరి. సముద్రం ఒడ్డున మార్కెట్‌లో కూరగాయలు, స్ట్రాబెర్రీలు అమ్మే చోట ఒక రాతి స్తంభం ఉంటుంది, దాని మీద రష్యా రెండు తలల గద్ద. 1917 విప్లవంలో గద్దని పీకేసి, 1971లో మళ్లీ తెచ్చి పెట్టారు. పక్కదేశంతో ఇంత చరిత్ర ఉన్నవాళ్లు దాన్ని ఎలా మోస్తున్నారో చూడాలంటే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కంటే ఇక్కడే బాగా తెలుస్తుంది.

క్లైపెడా గనక రూట్‌లో ఉంటే నీడా టూర్ మాత్రం వదలొద్దు. క్లైపెడా ఎదురుగా సన్నటి ఇసుక నేల ఒకటి సముద్రంలోకి కత్తి వాదరలా సాగుతుంది, పొడవు 98 కిలోమీటర్లు, ఉత్తరం సగం లిథువేనియాది, దక్షిణం సగం రష్యాది. చిన్న ఫెర్రీలో దాటి, పైన్ చెట్ల మధ్య బస్సులో గంట పోతే నీడా అనే జాలరి పల్లె. దాని పక్కన పర్నిడిస్ ఇసుక దిబ్బ ఎక్కితే, పైన రాతి స్తంభంతో కట్టిన పెద్ద నీడ గడియారం, ఒక వైపు సముద్రం, ఇంకో వైపు మడుగు, దక్షిణాన ఇసుక దిబ్బలు అలా పోతూనే ఉంటాయి. ఆ కనిపించే దిబ్బల్లో దూరంవి రష్యావే. ఇసుక రంగేమీ మారదు. మీ ఆవిడగారు రష్యా చూసినట్టూ అవుతుంది, వెళ్లనట్టూ అవుతుంది.

ప్రశ్న: ఓడ డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఎస్టోనియా, పోలాండ్, జర్మనీ తిరుగుతుంది. ఆరు దేశాలకి ఆరు వీసాలా? ఎవరిని అడగాలి? – హైదరాబాద్

జవాబు: ఒక్కటే వీసా. ఇవన్నీ షెంజెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల గుంపు. రష్యా రూట్‌లోంచి పోవడం వల్ల మనలాంటి ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లకి జరిగిన మంచి ఇదొక్కటి, కాగితాల పని ఒకే కుండలో ఉడికిపోతుంది.

ఎవరికి దరఖాస్తు చేయాలంటే, ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో వాళ్లకి. అన్నీ సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, ఓడ రోజులు మాత్రమే లెక్కేసి ముందూ వెనకా హోటల్ రోజులు మర్చిపోతారు. కోపెన్‌హేగెన్‌లో ముందు రెండు రాత్రులు, తర్వాత ఒక రాత్రి ఉంటే డెన్మార్క్ లెక్కే ఎక్కువ అయ్యే అవకాశం ఉంది. తర్వాత పది రోజులు మ్యూనిక్‌లో అబ్బాయి ఇంట్లో ఉంటే అప్పుడది జర్మనీ. రోజులన్నీ కాగితం మీద వరసగా రాసుకుని లెక్కేసుకున్నాకే అపాయింట్‌మెంట్ తీసుకోండి. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు. ఆఖరి గడువు 15 రోజులని రూల్స్‌లో ఉన్నా, వేసవి సీజన్‌కి అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం, జూన్ ప్రయాణమైతే జనవరిలోనే మొదలుపెట్టండి. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, పైన దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ. మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. క్రూజ్ బుకింగ్ కాగితంలో మీ పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్న మన గొడవ అక్కడ అర్థం కాదు.

మల్టిపుల్ ఎంట్రీ, అంటే బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రానిచ్చే వీసా అడగండి. ఇస్తారా ఇవ్వరా అన్నది వాళ్ల ఇష్టం, అడగడంలో తప్పులేదు. ఇంకో సంగతి, 2025 అక్టోబరు నుంచి బోర్డర్‌లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి పెట్టారు, మొదటిసారి క్యూలో కాస్త ఎక్కువసేపు నిలబడాలి.

ఓడ ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి బయల్దేరేదైతే పై లెక్క సరిపోదు. ఓడెక్కడానికి, మళ్లీ అక్కడే దిగడానికి బ్రిటన్ వీసా విడిగా కావాలి. పైగా ఉత్తర సముద్రం దాటి బాల్టిక్‌లోకి వచ్చేసరికే రోజులు ఖర్చయిపోతాయి. మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లకి కోపెన్‌హేగెన్, స్టాక్‌హోమ్, లేదా జర్మనీలోని కీల్ నుంచి బయల్దేరేవే మేలు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది, లేదంటే గల్ఫ్ మీదుగా వెళ్లొచ్చు.

ప్రశ్న: ఓడ ఎలాగూ టాలిన్‌లో రాత్రి ఆగుతుంది. ఇండియన్స్‌కి రష్యా ఈ-వీసా ఇస్తున్నారట కదా. బస్సులో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి, హెర్మిటాజ్ చూసి, తిరిగొచ్చి ఓడెక్కేస్తే? – విశాఖపట్నం

జవాబు: ఐడియా వినడానికి బాగుంది, ఆచరణలో మాత్రం వద్దు బాబూ. ఈ-వీసా నిజమే, 2023 ఆగస్టు నుంచి మనకి ఇస్తున్నారు. దారే సరిగా లేదు. ఎస్టోనియా చివర నార్వా అనే ఊళ్లో బోర్డర్, నదికి ఇటు ఒక కోట, అటు ఒక కోట, మధ్యలో వంతెన. 2024 నుంచి ఆ వంతెన మీద వాహనాలు పోవడం లేదు, సూట్‌కేసు లాక్కుంటూ నడిచి దాటాలి, రాత్రి పూట అదీ మూసేస్తారు, క్యూ గంటల తరబడి ఉంటుంది. ఫిన్లాండ్ వైపు నుంచి అనుకుంటే రష్యాతో రోడ్డు బోర్డర్ 2023 డిసెంబరు నుంచి మూతపడే ఉంది. ఓడ మీకోసం ఆగదు, ఐదు నిమిషాలు కూడా ఆగదు. సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా అయితే బోర్డర్ దాటగానే అది చెల్లిపోయినట్టే, వెనక్కి రానివ్వరు. అటు వెళ్లాక మన బ్యాంకులు ఇచ్చే వీసా కార్డులు, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయడం లేదు. జేబులో డబ్బు అయిపోతే ఎవరిని అడుగుతారు?

సెయింట్ పీటర్స్‌బర్గ్ చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే దాన్ని ఈ క్రూజ్‌కి ముడిపెట్టకండి. ఢిల్లీ నుంచి మాస్కోకి నేరుగా విమానం ఉంది, మాస్కో నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో నాలుగు గంటలు. వెళ్లడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ప్రయాణ సలహాలు చూసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లని అడిగి మీరే నిర్ణయించుకోండి. నన్నడిగితే, పరిస్థితి చల్లబడే దాకా ఆగుతాను.

ప్రశ్న: డబ్బు కట్టాక ఏ గొడవో జరిగి ఓడ ఒక పోర్టుకి వెళ్లకపోతే డబ్బులు వాపసు ఇస్తారా? – గుంటూరు

జవాబు: ఆశ పెట్టుకోకండి. క్రూజ్ టికెట్ వెనక చిన్న అక్షరాల్లో, వాతావరణం గానీ భద్రత గానీ కారణం చెప్పి రూట్ మార్చే హక్కు మాదే అని దాదాపు ప్రతి కంపెనీ రాసుకుంటుంది. ఆగని పోర్టు తాలూకు ట్యాక్స్ సాధారణంగా తిరిగిస్తారు, అది చిన్న మొత్తమే. ఓడవాళ్ల దగ్గర బుక్ చేసిన టూర్ రద్దయితే దాని డబ్బు వస్తుంది. బయట ఏజెంట్ దగ్గర చవగ్గా బుక్ చేసినదైతే అతని షరతులు ఎలా ఉంటే అలా. కాబట్టి బయట బుక్ చేసేటప్పుడు 'ఓడ రాకపోతే పూర్తి వాపసు' అని రాతపూర్వకంగా ఉన్నవాళ్లనే చూడండి, అలాంటివాళ్లు ఉన్నారు.

ఇన్సూరెన్స్ అమ్మేటప్పుడు అన్నీ కవర్ అవుతాయంటారు. పాలసీలో మినహాయింపులు అన్న పేజీ ఉంటుంది, చాలావాటిలో యుద్ధం అన్న మాట అక్కడే కూర్చుని ఉంటుంది. వీసా కోసం తీసుకునే చవక పాలసీ ఆసుపత్రి ఖర్చులకి పనికొస్తుంది గానీ క్రూజ్ రద్దయితే పైసా రాల్చదు. ట్రిప్ క్యాన్సిలేషన్ విడిగా ఉందో లేదో అడగండి, క్రూజ్ డిపాజిట్ కట్టిన వెంటనే తీసుకోండి.

ప్రశ్న: క్రూజ్ ధర చూస్తే గుండె ఆగింది. ఇవే ఊళ్లు తక్కువలో చూడలేమా? మాకు యాభై దాటలేదు, సామాన్లు మోసుకోగలం. – ఖమ్మం

జవాబు: భేషుగ్గా చూడొచ్చు. స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకీకి, టాలిన్‌కి, ఫిన్లాండ్‌లోనే ఉన్న తుర్కు అనే ఊరికి రాత్రి ఫెర్రీలు ఉన్నాయి. పేరుకి ఫెర్రీ గానీ పది అంతస్తుల ఓడ, క్యాబిన్, రెస్టారెంట్లు, పాటలు, అన్నీ ఉంటాయి. సాయంత్రం ఎక్కి పొద్దున్నే దిగితే హోటల్ ఖర్చు కలిసొస్తుంది, ఆ దీవుల దారి కూడా కనిపిస్తుంది. వీటిలో చాలా ఓడలు అర్ధరాత్రి ఓలాండ్ దీవుల్లో కాసేపు ఆగుతాయి. ఎందుకా అనుకోకండి, ఆ దీవులు ఐరోపా యూనియన్ పన్ను పరిధిలోకి రావు, అక్కడ ఆగితేనే ఓడలో డ్యూటీ ఫ్రీ మందు అమ్ముకోవచ్చు. శుక్రవారం రాత్రి ఫెర్రీలు అందుకే గోలగోలగా ఉంటాయి, వారం మధ్యలో చూసుకోండి. స్టాక్‌హోమ్ మూడు రోజులు, రాత్రి ఫెర్రీ, హెల్సింకీ రెండు రోజులు, రెండు గంటల ఫెర్రీ, టాలిన్ రెండు రోజులు, బస్సులో నాలుగైదు గంటల్లో రీగా. ఓడ పెట్టిన ఎనిమిది గంటల్లో పరుగులు తీయడం కంటే ఇదే నాకిష్టం. జూన్ 19 నుంచి 26 మధ్య మాత్రం చూసి పెట్టుకోండి. మిడ్‌సమ్మర్ పండగకి స్వీడన్, ఫిన్లాండ్ వాళ్లు ఊళ్లు ఖాళీ చేసి పల్లెలకి పోతారు, షాపులు మూసేస్తారు, మన సంక్రాంతికి హైదరాబాద్ ఉన్నట్టు.

ప్రశ్న: అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మామగారు గుడ్డు కూడా ముట్టరు. తీసుకెళ్లమంటారా? – నెల్లూరు

జవాబు: తీసుకెళ్లండమ్మా. పెద్దవాళ్లకి క్రూజే సుఖం, ఒకే గది, సామాను రోజూ సర్దే పని లేదు. టాలిన్, విస్బీ పాత ఊళ్లలో మాత్రం దారులన్నీ గుండ్రాళ్లు. టాలిన్‌లో టాక్సీలో నేరుగా తూంపియా కొండ మీదకి వెళ్లి, అక్కడినుంచి మెల్లగా కిందికి నడిపించండి, ఎక్కే పని ఉండదు. బుక్ చేసేటప్పుడే టెండర్ పోర్టులు ఏవో అడగండి, అంటే ఓడ దూరంగా ఆగి చిన్న పడవలోకి దింపే చోట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది కష్టం.

తిండికి, బుకింగ్ అప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని, గుడ్డు కూడా వద్దని రాయించండి, ఎక్కిన రోజు సాయంత్రం హెడ్ వెయిటర్‌కి మళ్లీ చెప్పండి. వంటవాళ్లలో, వడ్డించేవాళ్లలో మనవాళ్లు చాలా ఓడల్లో ఉంటారు, అడిగితే మరుసటి రోజుకి పప్పూ అన్నం సిద్ధం చేస్తారు. హెల్సింకీలో నేపాలీ రెస్టారెంట్లు వీధికొకటి ఉంటాయి, మధ్యాహ్నం బఫేలో పప్పు, పనీర్ దొరుకుతాయి. అక్కడి మార్కెట్‌లో రై అనే ధాన్యపు పిండి రొట్టెలో అన్నపు పాయసం లాంటిది పెట్టి కాల్చిన కరేలియన్ పై అమ్ముతారు, బాగుంటుంది, కాకపోతే పైన రాసేది గుడ్డు కలిపిన వెన్న, మామగారికి అది లేకుండా ఇమ్మనండి. ఆవకాయ సీసా చెక్ ఇన్ లగేజీలో రెండు కవర్లు చుట్టి పెట్టండి, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు.